నీ గది గోడకి పారాణి

బొబ్బిలి,
గురువారం.

అక్కకి తమ్ముడు కామేష్ నమస్కరించి రాయునది.

ఇక్కడ అమ్మ, నాన్న, నేను క్షేమం. గోడ కూడా కోలుకుంటోంది. అక్కడ నువ్వు, బావ, మీ అత్తగారు, ఇంకా పేరు పెట్టని ఆ లోపలి మనిషి అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందుగా ఒక అన్యాయం సంగతి. మన వీధిలో ఒక నిర్దోషిని నీళ్ల దొంగ అన్నారు. అనడమే కాదు, కరపత్రం అచ్చువేసి కరెంటు స్తంభానికి అంటించారు. ఆ నిర్దోషి పక్కింటి కిరాణా కొట్టు నగరేశ్వరరావు బాబాయి. ఆ పని చేసింది నేను. నేను చదివిన చిన్న చిన్న ఉద్యమ పుస్తకాలన్నిటిలోనూ దోషి పేరు మొదటి పేజీలోనే ఉంటుంది. ఆ పేరు నాదైనప్పుడు మాత్రం వెనక పేజీలోకి తోసెయ్యడం న్యాయం కాదని ముందే రాసేశాను.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నీ ఫోన్ ఎప్పుడూ లౌడ్‌స్పీకర్లో ఉంటుంది, మీ అత్తగారు కూరలు తరుగుతూ వింటారు. ఈ ఉత్తరంలో ఆవిడ చెవిన పడకూడని మాట ఒకటుంది. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

ఇక నీ ఉత్తరంలో అడిగినవి. అవును, అప్పట్లో తడి నీ మంచం తలవైపు దాకా పాకింది. సున్నం పెచ్చులు రాలాయి. బీరువా వెనక బూజు వాసన. లేదు, అమ్మ ఏడవలేదు. 'తడి గదిలోకి పసిబిడ్డ వద్దు, పురుడు ఇక్కడే పోస్తాం అని అత్తయ్య అన్నారు, మీరు బాధపడకండి' అని నువ్వు రాసిన వాక్యం నేను చదివి వినిపించగానే వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరిగింది, అంతే. ఆ పూట కూరలో మాత్రం ఉల్లిపాయ లేదు.

తొలికాన్పుకి పుట్టింటికి రాకుండా ఆపడం ఏ ప్రజాస్వామ్యం? నాకు ఒళ్లు మండిపోయింది. ఏడో నెల దాటితే ఎనిమిదిలో నిన్ను కదపకూడదంటారు, తొమ్మిదిలో ప్రయాణం వద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. అంటే ఈ నెలాఖరులోగా గోడ ఆరాలి. ఆరాలంటే నీళ్లెక్కడినుంచి వస్తున్నాయో తెలియాలి. ఆ గోడకి అవతలివైపు ఆనుకుని ఉన్నది ఏమిటి? బాబాయి వాళ్ల సిమెంటు తొట్టి! ఇంకా సాక్ష్యం కావాలా? ఆ సాయంత్రమే కరపత్రం రాశాను. 'ప్రజలారా! ఒక గోడ ఏడుస్తోంది, ఒక తొట్టి నవ్వుతోంది!' ఇప్పటికీ ఆ వాక్యం బాగుందనే అనిపిస్తుంది.

బావ చెప్పిన పరీక్ష చేశావా అని అడిగావు. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, మన టాంకీలో నీళ్లున్న చోట గీత గీసి, పొద్దున్న చూడమన్నాడు కదా. చెయ్యలేదు. మన ఇంటిని మనమే అనుమానించడం పిరికితనం అనుకున్నాను. దానికి బదులు నా తెలివి వాడాను. అమ్మ పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తుందా? మనది పాతకాలం డంగు సున్నం గోడా? బాబాయి తొట్టిలో పసుపు కలిపితే, ఆ నీళ్లు మన గోడలోకి ఊరగానే గోడ ఎర్రబడాలి. వీధంతా చూస్తుంది. ఇక కాదనడానికి ఆయనకి నోరుండదు.

మధ్యాహ్నం వాళ్లు నిద్రలో ఉండగా గోడ దూకి కలిపేశాను.

మర్నాడు కన్యాకుమారి పిన్ని వీధిలోకి వచ్చింది, చేతిలో బాబాయి తెల్ల పంచె, పచ్చగా.

"ఒరే కామేషూ! ఇటు రారా! మా ఆయన పంచె సూడు, ఈ వయసులో మళ్లీ పెళ్లికొడుకైపోనాడు!"

"నాకేటి తెల్సు పిన్నీ?"

వెనకే బాబాయి. ఆ పచ్చ పంచెకి జోడైన పచ్చ కండువా భుజాన వేసుకుని మరీ వచ్చాడు. "నీకు తెల్దేటి? నిన్న నా కొట్లో అన్ని పసుపు పేకెట్లు ఎందుకురా బాబూ, అమ్మకి నోమేటి అని అడిగితే అవునన్నావు. ఏటి నోమురా అది? తొట్టి నోమా?"

అక్కా, పసుపు ఆయన కొట్లోనే కొన్నాను. కోపంలో ఉన్నవాడికి వేరే కొట్టుకి నడిచే ఓపిక ఉండదు.

అందరూ నీ గదిలోకి వచ్చారు. గోడ తడిగానే ఉంది, తెల్లగానే ఉంది. మధ్యాహ్నం దాకా చూశాం. ఎరుపు లేదు, పసుపు కూడా లేదు. నేను సున్నం మీద అనుమానం వ్యక్తం చేశాను.

"సున్నానిది తప్పు కాదు, నీ బుర్రది," అన్నాడు బాబాయి. "ఇప్పుడు మీ టాంకీలో ఎయ్యి. నాను ఇక్కడే కూకుంటాను. పసుపు నాదే, ఊరికే ఇస్తన్నాను."

ఆయనే మేడెక్కి కలిపి వచ్చాడు. తరవాత నీ మంచం మీద కూర్చుని అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ, నా కరపత్రం జేబులోంచి తీసి పైకి చదివాడు. "'తొట్టి నవ్వుతోంది' అట! రాత బాగున్నాదిరా. మా కొట్టుకి కూడా ఒకటి రాసిపెట్టు." తిడితే తట్టుకునేవాణ్ణి. మెచ్చుకుంటే ఎటు చూడాలో తెలియలేదు.

పొద్దు వాలేసరికి పిన్ని అమ్మని కేక వేసింది. "ఓలమ్మా! త్రిపురసుందరక్కా! మీ గోడకి పారాణి ఎట్టినారేటి!"

తడి ఉన్న కిందివైపు కాదు, ఎక్కడో పైన. నువ్వు మొట్టమొదట చేసిన బుల్లి వీణ అద్దాల పెట్టెలో వేలాడుతోంది చూడు, దాని వెనకనుంచి ఎర్రటి చార దిగుతోంది. నాన్న పెట్టె దింపాడు. వీణ చెయ్యబోయే పనసచెక్కని తట్టి చూసినట్టే గోడని వేళ్లతో తట్టుకుంటూ పోయి, "మోత ఇక్కడ మారతన్నాది. లోపల గొట్టం ఉన్నాది," అన్నాడు. నీ పెళ్లి ముందు స్నానాల గదికి కుళాయి వేయించినప్పుడు గోడలో పూడ్పించిన గొట్టం. అది ఎటు పోయిందో మేమంతా మరిచేపోయాం. బుల్లి వీణకి కొట్టిన మేకు సూటిగా అందులో దిగింది. బిగుతుగా ఉన్నన్నాళ్లూ ఊరుకుంది, తుప్పు పట్టాక చుక్కచుక్కగా కారడం మొదలైంది. మేస్త్రీ వచ్చి గొట్టం మార్చాడు.

గోడ తొందరగా ఆరాలని నేను కుంపటి తెచ్చాను. నాన్న ఒప్పుకోలేదు. "చెక్కయినా గోడైనా సెగ ఎడితే పగుల్తాది. కిటికీ తీసి గాలికి ఒగ్గెయ్." రోజూ పొద్దున్నే పనికి కూర్చునే ముందు వచ్చి తట్టి, పెదవి విరిచి వెళ్లిపోయేవాడు. ఇవాళ తట్టి, చెవి ఆనించి, మళ్లీ తట్టాడు. "పలుకుతన్నాది," అన్నాడు. అమ్మ వెంటనే నీ దుప్పట్లు ఉతకడానికి వేసింది.

ఇక ఆ మాట. ఆ మేకు ఎవరు కొట్టారో గుర్తుందా? నేను ముట్టుకుంటానని, నాకు అందనంత ఎత్తున, అత్తారింటికి వెళ్లే ముందురోజు స్టూలెక్కి కొట్టావు. నిన్ను పుట్టింటికి రాకుండా ఆపింది తొట్టి కాదు, బాబాయి కాదు, నువ్వే!

కంగారు పడకు. అమ్మ అడిగితే నేనే కొట్టానన్నాను. వెంటనే నమ్మింది. నా మీద ఏం చెప్పినా అమ్మ నమ్ముతుంది. మీ అత్తగారికీ అదే చెప్పు. లేకపోతే నీ మనవల పెళ్లిళ్లలో కూడా ఈ కథ చెబుతారు. నాన్న మాత్రం మేకుని తిప్పి తిప్పి చూశాడు. అది ఆయన పనిపెట్టెలోది. ఆ పెట్టె మూత తీసే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుందో ఆయనకి తెలుసు. నా ముఖం చూశాడు, బుల్లి వీణ వైపు చూశాడు, మేకు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఎర్ర చారని సున్నంతో కప్పేద్దామంటే అమ్మ వద్దంది. కూతురు వచ్చే గదికి పారాణి ఉంటే తప్పేమిటంది.

బాబాయి తన కారు పంపుతానన్నాడు. శనివారం సాయంత్రానికి ఆమదాలవలసలో మీ గుమ్మం ముందు ఉంటుంది. బావ కూడా రావాలి, తన గీత పరీక్ష చెయ్యనందుకు నన్ను తిట్టుకోవచ్చు. కొత్త కరపత్రం అచ్చుకి ఇచ్చేశాను. దాని చేతిరాత నకలు దీనితో పంపుతున్నాను, మీ అత్తగారికి గట్టిగా చదివి వినిపించు:

'వీధి ప్రజలారా! నగరేశ్వరరావు గారి తొట్టి మీద వేసిన నింద అబద్ధం. ఆ అబద్ధం రాసినవాడు అందరి ఎదుట క్షమాపణ చెబుతాడు. వీణల అప్పలనరసింహం గారి గోడ ఆరింది. వారి పెద్దమ్మాయి శ్రీలలిత తొలికాన్పుకి పుట్టింటికి వస్తోంది. పిల్లా పెద్దా అందరూ ఆదివారం ఉదయం పది గంటలకు మా గుమ్మం ముందు కూడండి!'

ఇట్లు,
నీ మేకుని తన నెత్తిన వేసుకున్న
తమ్ముడు
కామేష్