పంతులు మేక అన్నాడు
మాదన్నపేట, 1942, బుధవారం రాత్రి

ఇంకా ఒళ్లంతా అసహ్యంగానే ఉంది. బడికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని పంతులు నన్ను పక్క గదిలో, విరిగిన బల్లల మధ్య కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశాడు. పుట్టుకతో వచ్చిన నా వంకర కాళ్లు, చొంగ కారే నోరు బడికి పరువు తక్కువట.

గోడ అవతల ఇన్‌స్పెక్టర్ "మూసీ ఎక్కడ పుడుతది?" అని అడిగితే ఒక్కడూ పలకలేదు. ఉండబట్టలేక "అనంతగిరి!" అని అరిచాను. నా గొంతు కదా, సాగి సాగి వచ్చింది.

"ఏందయ్యా గా ఆవాజ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మేక, సాబ్. పక్కింటోళ్లది," అన్నాడు పంతులు.

తరగతంతా నవ్వింది. రోజూ నన్ను చెయ్యి పట్టి బడికి నడిపించే నర్సింగు నవ్వు కూడా వినబడింది. గోడ పట్టుకుని తరగతి గుమ్మం దాకా వెళ్లి, "అనంతగిరి" అని మళ్లీ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చూపు తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే, "రేపటి సంది పోకు బిడ్డా. గీ లొల్లి మనకెందుకు?" అన్నాడు బాపు.

పంతులు మొహం చూడాలనే లేదు. అయినా వెళ్తాను. నర్సింగు చెయ్యి మాత్రం ఇక పట్టుకోను. మరి సందు మలుపులో ఉన్న మురుగు మోరీ ఒక్కణ్నే ఎలా దాటాలో...