గొలుసు రూలు పోయింది

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పార్కులో కుక్కకు గొలుసు ఉండాలని పేట కమిటీ ప్రెసిడెంటు పెట్టిన రూలును నిన్న కమిటీ మీటింగులో కొట్టేశారు. పేట జనమంతా కుక్కలను గొలుసుల్లేకుండా వదిలి, వాటి వెంట నడుచుకుంటూ ఆఫీసు ముందుకు పోయాం.

రెండు చంకకర్రలతో నడిచే నువ్వు గొలుసు ఏ చేత్తో పట్టుకుంటావని ఆయన ఒక్కసారైనా ఆలోచించలేదు. గొలుసు లేదని మన మోతీని కుక్కల బండిలో వేయించి చంపించాడు. ఆ తర్వాత నువ్వు గడప దాటలేదు, ఆ దిగులుతోనే పోయావు. అందుకే ఏడాదంతా ఇల్లిల్లూ తిరిగి ఆ రూలు తీసెయ్యాలని సంతకాలు పెట్టించాను.

మొన్న పొద్దున ప్రెసిడెంటు పెంపుడు కుక్క తప్పించుకుని గొలుసు లేకుండా పార్కులోకి వచ్చింది. నేనే పోయి బండివాళ్లను పిలుచుకొచ్చాను.

పక్కింటి ఖాదర్ సాయిబు అడ్డమొచ్చాడు. "రేపు రూలే పోతాండాది కదమ్మా! దాన్నెందుకు చంపిస్తాండావు? మనం కొట్లాడేది కుక్కల కోసరమే కదా?"

"నేను మాయన్న కోసరం కొట్లాడతాండా. నువ్వు తప్పుకోప్పా" అన్నాను.

ప్రెసిడెంటు పరిగెత్తుకొచ్చేసరికి బండి కుక్కను ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఆయన బెంచీ మీద కూలబడి, అందరూ చూస్తుండగానే ఏడ్చాడు. నేను ఎదురుగా నిలబడి తనివితీరా చూశాను.

నిన్న ఖాదర్ సాయిబు నా పక్కన నడవలేదు. పోనీ. నువ్వుంటే నన్ను తిట్టి, ఆ బండికి అడ్డం నిలబడేవాడివని నాకు తెలుసన్నా. నిన్ను లేకుండా చేసినవాడి కోసం ఆ పని నేను చెయ్యలేను.

నీ చెల్లెలు