వరసలో చివరి ఉత్తరం

దెహివల,
19 మే 2007, శనివారం.

మా కుసుమక్కకు,

ఈసారి మెయిల్ కాదు, కాగితం. మీరు వెళ్ళే కంప్యూటర్ కొట్లో మీ పదకొండు మందికీ కలిపి ఒకటే మెయిల్ చిరునామా. నేనేం రాసినా కొట్టతను తెరిచి, పేరు పెట్టి పిలిచి ఇస్తాడు, నీకంటే ముందు పక్కవాళ్ళు చదివేస్తారు. ఇది వాళ్ళందరూ చదివేది కాదు. మెణికే అక్క సెలవు అయిపోయి బుధవారం మళ్ళీ కువైట్ వస్తోంది. రేపు ఇంటికొస్తే ఆమె చేతికిచ్చి పంపుతాను.

ఆ ఇంట్లో నిన్ను ఫోన్ ముట్టనివ్వరని తెలుసు, కానీ నీ దగ్గర్నుంచి అక్షరం ముక్క వచ్చి కూడా ఏడు నెలలైంది. వాన కారణంగా ఆలస్యమైందనుకోవడానికి ఇదేమైనా పోస్టు ఉత్తరమా? నా ఉద్యోగమే ఉత్తరాలతో. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు రాసే మెయిళ్ళన్నీ మా ఆఫీసుకే వస్తాయి. చిరునామా సరిగ్గా ఉందో లేదో చూడటం, ఎవరి ఇంటికి వాళ్ళ ఉత్తరం చేర్చడం, తిరిగొచ్చినవాటిని విప్పి ఎందుకొచ్చాయో తేల్చడం, ఈ పనులు చేసే కోడ్ నేను రాసిందే. ఊరందరి ఉత్తరాలూ నా వేళ్ళ కిందనుంచే పోతాయి. వాటిలో నీది లేదు. దేనికైనా పెట్టిపుట్టాలి.

అక్టోబర్లో చెత్త మెయిళ్ళు వరదలా వచ్చిపడి మా సర్వర్ కూలబడింది. అప్పుడు ఒక్క మధ్యాహ్నంలో కూర్చుని దానికి అడ్డుకట్ట కట్టాను. ఆఫీసంతా మెచ్చుకుంది, చేపకూర పెట్టిన మాలుపాన్ బన్నులు తెప్పించి పంచారు. మా తిసేర అన్న ఒక్కడే సణిగాడు. పారేసేవాటిని కూడా ఒక బుట్టలో దాచమన్నాడు. చెత్త దాచుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా అని నవ్వాను, పెద్దవాడు కదా అని సరేనన్నాను. ఈ గొప్పంతా నీకు తప్ప ఎవరికి చెప్పుకోను? అప్పుడే మెయిల్లో రాశాను. బాగుందని ఒక్క మాట అనలేకపోయావు. ఆ తరవాత రాసిన ఏ ఉత్తరానికీ నీ నుంచి జవాబు లేదు.

అక్కా, ఇంతకాలం నీకు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. నీ కూతురు సెనురి నన్ను అమ్మా అని పిలుస్తోంది. నర్సరీలో మిగతా పిల్లలు అమ్మా అమ్మా అని పరిగెత్తుతుంటే ఇదీ పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు చుట్టేసుకుని అమ్మా అంది. "తప్పమ్మా, నేను పిన్నిని" అని నేను అనాలి కదా. అనలేదు. ఆ రోజు రైల్లో అది నా ఒళ్ళో నిద్రపోతే, సముద్రం వైపు చూస్తూ బంబలపిటియ నుంచి దెహివల దాకా ఏడుస్తూనే వచ్చాను. బాధతో కాదు. ఆ పిలుపు నాకు బాగుంది. నీ సొమ్ము దొంగిలించి దాచుకున్నట్టు దాచుకున్నాను.

ఒకటో తరగతికి దరఖాస్తు తెచ్చాను. తల్లి పేరు రాసే గళ్ళో పెన్సిల్‌తో నా పేరు రాశాను. జనవరిలో నీకు రాశాను గుర్తుందా, పిల్ల అక్కర్లేకపోతే అక్కర్లేదని చెప్పెయ్యమని? దానికీ నువ్వు పలకలేదు. పలకకపోవడం కూడా ఒక జవాబే అనుకున్నాను. వచ్చేవారం పెన్సిల్ గీతల మీద సిరా పెడతాను. దాని జనన పత్రం చూపించమంటే ఏం అబద్ధం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. నీ ఎదుటపడి చెప్పలేక ఇలా రాస్తున్నాను. తిట్టాలనుంటే తిట్టు. ఆ తిట్లయినా నీ చేత్తో వస్తాయి.

నీ చెల్లెలు,
నిలంతి

*

దెహివల,
22 మే, మంగళవారం.

అక్కా, నా అక్కా,

ముందు పైనున్న శనివారం ఉత్తరం చదువు. చింపేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. నేనెంతటిదాన్నో నువ్వు పూర్తిగా తెలుసుకున్నాకే ఇది చదవాలి.

ఆదివారం మెణికే అక్క వచ్చింది. ప్లెయిన్ టీ, బెల్లంముక్క ఇచ్చి, ఉత్తరం చేతిలో పెట్టి, "మా అక్కకు మేం గుర్తున్నామో లేదో" అన్నాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టేసింది.

"అదేం మాటే? శుక్రవారం మాకందరికీ సెలవు పొద్దున్నే ఇస్తారు. మీ అక్క యజమానురాలు మాత్రం అంట్లన్నీ తోమితే గానీ గుమ్మం దాటనివ్వదు. పరిగెత్తుకొచ్చి వరసలో చివర నిలబడుతుంది. మా పదిమందివీ అయ్యాక కూర్చుని, కొట్టతను తలుపులేస్తానని గొణుగుతున్నా వినకుండా రాస్తూనే ఉంటుంది. రాయదని ఎవరన్నారు నీకు?"

ఆ మాట వింటూనే నాకు నా అడ్డుకట్ట గుర్తొచ్చింది. ఎందుకో నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. అక్టోబర్లో నేను కట్టిన అడ్డుకట్ట ఇదీ: ఒకే చిరునామా నుంచి గంటలో ఐదు ఉత్తరాలు మించి వస్తే, ఆరోదాని నుంచి అన్నీ చెత్త. చప్పుడు చెయ్యకుండా పక్కన పడెయ్. మనిషికొక చిరునామా ఉండే కొలంబో ఆఫీసులో కూర్చుని రాసిన లెక్క అది. ఒక మనిషి గంటలో అన్ని ఉత్తరాలు ఎందుకు రాస్తాడు, మోసగాడైతే తప్ప అనుకున్నాను. పదకొండు మంది ఆడవాళ్ళు వారానికి ఒక్క పూట సెలవు దొరికి, ఒక్క కంప్యూటర్ ముందు వరసకట్టి, ఒకరి తరవాత ఒకరు గబగబా ఇంటికి రాసుకుంటారని నాకు తట్టలేదు. తెలియక కాదు. ఆ కొట్టు గురించి నువ్వు చెబితే విని నవ్వినదాన్నే. నా మెయిళ్ళు నీకు అందుతూనే ఉన్నాయి, నీ జవాబుల్నే నా కోడ్ మింగేసింది. కంచే చేను మేసిందంటే ఇదే.

ఉత్తరం మెణికే అక్క చేతిలోంచి వెనక్కి తీసుకున్నాను. బుధవారం పొద్దున కటునాయక విమానాశ్రయంలో ఇస్తానని చెప్పాను. సోమవారం ఆఫీసు తలుపు తీసీ తీయగానే వెళ్ళాను. తిసేర అన్నకు సంగతి చెబితే ఆయన ఒక్క మాట దెప్పలేదు. "బుట్ట ఉందిగా చెల్లీ, వెతుకు" అని తన కుర్చీ నా పక్కకు జరుపుకున్నాడు. నీ పేరు పెట్టి వెతికాను.

ముప్పై ఒకటి. అక్టోబర్ నుంచి మొన్న శుక్రవారం దాకా ముప్పై ఒక్క శుక్రవారాలు, ముప్పై ఒక్క ఉత్తరాలు. ఒక్క వారం కూడా మానలేదు. జ్వరమొచ్చిన వారం రెండే వాక్యాలు రాశావు.

అన్నీ చదివాను. నా అడ్డుకట్టను మెచ్చుకుంటూ, మా నిలంతి ఎంత తెలివైందో కొట్లో అందరికీ చెప్పానని రాసిన ఉత్తరం కూడా దానికే బలైంది. జనవరిలో నేను రాసిన ఆ పాపిష్టి మాట చదివి కూడా, "నీ కోపం తీరాక చదువుకో, తొందరేం లేదు" అని మొదలుపెట్టావు. మార్చిలో రాశావు: "సెనురి నిన్ను అమ్మా అంటుందేమో, అననివ్వు. బళ్ళో తల్లి పేరు అడిగితే నీదే రాయి, రోజూ జడ వేసేది నువ్వేగా. నాకు ఒక్కటి చెప్పు చాలు. అది ఎంత ఎత్తుకు వచ్చింది?" తరవాతి తొమ్మిది ఉత్తరాల్లోనూ అదే అడిగావు. ఎంత ఎత్తుకు వచ్చింది, నిలంతీ? నా నడుం దాకా వస్తుందా?

నేను దొంగిలించబోయినదాన్ని నువ్వు రెండు నెలల కిందటే నా చేతిలో పెట్టేశావు. తిసేర అన్న ముందే తల బల్లకానించి ఏడ్చాను.

బుట్టలో నీవే కాదు, ఇంకా ఎందరెందరివో ఉన్నాయి. నిన్నా ఇవాళా కూర్చుని, ఆలస్యానికి మాదే తప్పని మొదటి వాక్యంలో రాసి, అన్నీ ఎవరిళ్ళకు వాళ్ళకు పంపాం. ఆ అడ్డుకట్ట తీసేశాను. చెత్త మళ్ళీ వస్తోంది, రానీ. దాన్ని ఏరడానికి ఇంకో దారి వెతుకుతాను.

దరఖాస్తులో నా పేరు రబ్బరుతో చెరిపి, సిరాతో నీ పేరు రాశాను. సంరక్షకురాలి గళ్ళో నాది రాశాను. సెనురిని పక్కన కూర్చోబెట్టుకుని నీ ముప్పై ఒక్క ఉత్తరాలూ చదివి వినిపిస్తున్నాను, రోజుకు రెండు. నిన్న అది "నాకు ఇద్దరమ్మలా?" అని అడిగింది. అవునన్నాను. అందులో అబద్ధం లేదుగా?

నీ ప్రశ్నకు మెయిల్లో ఇన్ని సెంటీమీటర్లని రాయొచ్చు. నాకు మనసొప్పలేదు. వెసాక్ పున్నమి పోయ నాడు గుళ్ళో చేతికి కట్టుకోమని ఇచ్చిన తెల్లదారం ఇంట్లో మిగిలి ఉంటే, పొద్దున సెనురిని గోడకానించి నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తి దాకా పట్టి కత్తిరించాను. కదలకుండా నిలబడింది పాపం, ఊపిరి కూడా బిగబట్టింది. ఆ దారం ఈ కాగితంలో మడిచి పెడుతున్నాను. ఒక చివర నీ పాదం కింద తొక్కిపట్టి, రెండో చివర పైకి లాగి చూసుకో. నడుం ఎప్పుడో దాటేసిందక్కా.

నీ
నిలంతి