మంచులో జారని ఇద్దరం

చెర్రీవుడ్, డబ్లిన్
26 ఏప్రిల్ 2020

సూర్యప్రభక్కా,

జనవరిలో మా ఆయన ఆఫీసువాళ్లతో కలిసి ఆస్ట్రియా వెళ్లొచ్చాక, "స్కీయింగ్ రానిదానివి, ఆ కొండల్లో ఐదు రోజులు ఏం చేశావే?" అని అడిగావు. అప్పుడు సరిగ్గా చెప్పలేదు.

అక్కడ స్కీయింగ్ రానివాళ్లం ఇద్దరమే. నేనూ, మా ఆయన మేనేజరు వాళ్లమ్మ నోరా గారూ. ఆవిడకి డెబ్బై ఆరేళ్లు. పొద్దున్నే అందరూ వెళ్లిపోయాక మేం కేబుల్ కారెక్కి పైకి వెళ్లి, వేడి చాక్లెట్ పాలు తాగుతూ కూర్చునేవాళ్లం. ఒకరోజు ఆవిడ నన్ను ముందు కూర్చోబెట్టుకుని, స్లెడ్జి అని మంచు మీద జారే చెక్కబండి ఉంటుందిలే, దాని మీద జారింది. ఇద్దరం మంచులో బోర్లాపడి, లేవలేక ఒకటే నవ్వు. ఇక్కడికొచ్చిన మూడేళ్లలో అంతగా ఎప్పుడూ నవ్వలేదక్కా.

లాక్‌డౌన్ పెట్టాక ఆవిడే రోజూ ఫోన్ చేసేది. మా ఆయన పగలంతా తలుపేసుకుని మీటింగుల్లో ఉంటే, నాతో మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

పోయిన వారం కరోనాతో ఆసుపత్రిలో చనిపోయింది. అంత్యక్రియలకి పదిమందినే రానిస్తున్నారు. మిగతావాళ్లు శవపేటిక వెళ్లే దారిలో దూరం దూరంగా నిలబడతారు. ఆ రోడ్డు మాకు దగ్గరే కాబట్టి నేనూ వెళ్లాను. అక్కడున్నవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఒకామె రోడ్డు అవతలి నుంచి "నోరా మీకేమవుతుంది?" అని అడిగింది.

"నా స్నేహితురాలు" అన్నాను. ఈ దేశంలో ఆ మాట అనడం నాకదే మొదటిసారి. అంతలో శవపేటిక ఉన్న కారు వచ్చింది.

పగటిపూట ఎప్పుడైనా ఫోన్ చెయ్యక్కా. నేను ఖాళీగానే ఉంటాను.

నీ చెల్లెలు