పీఠం కదిలించే ఖర్చు

పెనాంగ్,
22 జూలై 2013

తమ్ముడు కెంగ్ హూకి,

అక్క గైక్ చూ ఆశీస్సులు. ఇక్కడ నా మోకాలు తప్ప అన్నీ కుదురుగానే ఉన్నాయి. కూచింగ్‌లో నువ్వూ మరదలూ పాపా బాగున్నారనే నమ్మకంతో రాస్తున్నాను. ఫోన్‌లో ఇంటి మాట ఎత్తగానే పెట్టేస్తున్నావు, అందుకని ఉత్తరం.

ఇల్లు అమ్మకానికి సిద్ధం చేయడమంటే ఇంత పనని నాకు తెలియదు. కప్పు మీద పెంకులు సగం మార్పించాను. వంటింటి దూలానికి చెద పడితే మందు కొట్టించాను. కరెంటు తీగలు నాన్న వేయించినవే, అన్నీ పీకి కొత్తవి వేశారు. కొనేవాళ్లు ఇంటిని చిన్న హోటల్ చేస్తారట. హాలు పైకప్పుకి పట్టిన అగరుబత్తి మసి చూసి యాప్ అనే ఏజెంటు కుర్రాడు, ఈ నలుపు చూస్తే బేరం ఒక మెట్టు దిగుతుంది ఆంటీ, ముందు ఈ పెద్దల పూజాపీఠం తీయించండి అన్నాడు. నలభై ఏళ్లు పెట్టిన దణ్ణాలురా అవి, నీ కమిషన్‌కి అడ్డమొచ్చాయా అని చిన్నమ్మ వాణ్ణి కడిగేసింది. వాడు నవ్వి, ఆవిడిచ్చిన కాఫీ తాగి వెళ్లాడు.

నాన్న పేరు చెక్కిన పలకను అమ్మే తన చేత్తో గుడికి చేర్చింది కదా. పీఠం మీద ఉన్నది అమ్మ పలక ఒక్కటే. గుడిలో నాన్న పలక పక్కనే అమ్మకీ చోటు తీసుకున్నాను. ఆగస్టు ఏడున మన పంచాంగంలో ఏడో నెల మొదలవుతుంది. ఆ నెలంతా పోయినవాళ్లు ఊళ్లో తిరుగుతుంటే పలక కదిలించడానికి చిన్నమ్మ ఒప్పుకోదు, కొనేవాళ్లు అంతదాకా ఆగరు. కాబట్టి నాలుగో తారీకు ఆదివారమే ఆఖరి మంచిరోజు.

అడగకుండా ఎత్తకూడదు గనక పద్నాలుగున చిన్నమ్మా నేనూ పీఠం ముందు ప్రశ్న అడిగే నెలవంక చెక్కలు రెండూ వేశాం. రెండూ బోర్లా పడ్డాయి. అంటే కాదనడం. పీఠం మీద పెట్టిన బాతు కూర చాల్లేదా అక్కా అని చిన్నమ్మ అడిగి మళ్లీ వేసింది. రెండూ వెల్లకిలా పడ్డాయి, నవ్విందన్నమాట. గుడి మెట్లకి భయమా, లిఫ్టు పెట్టారే అని మళ్లీ వేసింది. కాదు. బావ పక్కన మళ్లీ కూర్చోవాలనా నీ బాధ అంది. మళ్లీ నవ్వు. బతికున్నప్పుడూ ఇంతే, ఏం కావాలో చెప్పి చావదు అని విసుక్కుని చిన్నమ్మ ఇంటికెళ్లిపోయింది. అప్పుడు నేనొక్కదాన్నే, కెంగ్ హూ రావాలా అమ్మా అని అడిగాను. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. మూడుసార్లూ సరేనంది.

బుధవారం ఇంకోటి జరిగింది. పెయింటరు మునియాండి హాల్లో పని చేస్తుంటే మేడ మీద నుంచి ఎవరో ఆడమనిషి, తిన్నావా అని మన హొక్కియన్ భాషలో అడిగిందట. తిన్నానాంటీ అని బ్రష్ ఆపకుండానే జవాబిచ్చాడట. నేను బజారు నుంచి రాగానే, పైనున్న పెద్దావిడకి చెవుడా, రెండుసార్లు చెప్పినా మళ్లీ అడుగుతోంది అన్నాడు. పైన మంచాలు కూడా లేవని చెప్పాను. నిచ్చెన దిగి చేతులు కడుక్కుని, మిగతా పనికి మా బావమరిదిని పంపిస్తాను, వాడు చర్చికి వెళ్తాడు అన్నాడు. ఆ బావమరిది కూలి ఎక్కువ అడిగాడు. ఇచ్చాను.

ఆ గొంతు నేను వినలేదు. మూడు పూతలు వేసినా పైకప్పు మీద మసి మళ్లీ తేలుతోంది, కాని అది దయ్యం పని కాదు. ముందు వేయాల్సిన పూత మునియాండి వేయలేదు, అంతే. అయినా అన్నం తిన్నాక మెట్ల కింద నిలబడి, తిన్నానమ్మా అని చెప్తున్నాను. అడక్కముందే.

ఈ గడప తొక్కొద్దని నీతో అన్నది అమ్మే. నాన్న శవం లేచాక వచ్చావన్న కోపంలో అంది. ఆ మాట పదకొండేళ్లు పట్టుకున్నావు. పోయినేడు అమ్మ పోతే పూలదండ పంపి ఊరుకున్నావు. ఇప్పుడా అమ్మే రమ్మంటోంది. మూడో తారీకు శనివారం సాయంత్రానికల్లా రా.

నీ దారి చూస్తూ,
అక్క గైక్ చూ

తా.క. ఇది రాయకుండా కవరు అంటించలేకపోయాను. అమ్మ నిన్ను రమ్మనలేదు. వద్దనీ అనలేదు. చిన్నమ్మ వెళ్లాక నేనేమీ అడగలేదు, కాదంటుందేమోనని భయమేసింది. అసలు పద్నాలుగున పొద్దున్నే, చిన్నమ్మ రాకముందు, ఒక్కదాన్నే చెక్కలు వేశాను. వెళ్దామా అమ్మా అంటే మొదటిసారే సరేనంది. పలకని కొడుకు ఎత్తుకోవాలి గదా, నేనెత్తుకుంటే ఫర్వాలేదా అన్నాను. దానికీ సరే. అందరూ సరేననేదాకా వేస్తారు. నేను మాత్రం నిన్ను రప్పించే సాకు కోసం, అమ్మ కాదనేదాకా వేశాను. కాదన్నాకే చిన్నమ్మకి కబురు పెట్టాను. మునియాండికి ఆ గొంతు వినబడింది ఆ తర్వాతే. బయల్దేరిన మనిషిని నేను పట్టుకుని ఆపాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నేనే ఎత్తుకుంటాను. గుమ్మం దాటాక పలకకి ఎండ తగలకూడదు. నాకు రెండు చేతులూ ఖాళీ ఉండవు, చిన్నమ్మకి భుజం లేవదు. గొడుగు పట్టడానికి గడప తొక్కక్కర్లేదురా. వీధిలో నిలబడితే చాలు.