చెవి తమ్మె పట్టుకుని నవ్వవలెను

యూనివర్సిటీ క్వార్టర్స్,
2వ తేదీ

శ్రీమతి సుధామయి గారికి నమస్కరించి వ్రాయునది.

విషయం: నవ్వు ఒకటి కావలెననుట గురించి.
సూచిక: తార్నాక బస్టాపు గోడకు అంటించిన మీ కాగితం. "సహజమైన చిరునవ్వు, కోరినప్పుడల్లా. ఉత్తరాల ద్వారా మాత్రమే."

నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుని. ఇరవై ఎనిమిదేళ్ళుగా సర్టిఫికెట్లు నా సంతకంతో బయటికి వెళ్తున్నాయి. నవ్వే అవసరం ఇంతవరకు రాలేదు.

ఇప్పుడు వచ్చింది. 22వ తేదీ ఆదివారం మా అమ్మాయి హారిక నిశ్చితార్థం. అబ్బాయి తను కోరుకున్నవాడే, నాకూ నచ్చాడు. కానీ వాళ్ళు మొదటిసారి మా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళాక "పెద్దాయనకి ఇష్టం లేనట్టుంది" అని కబురు చేశారు. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. అమ్మాయి బతిమాలితే నిశ్చితార్థానికి ఒప్పుకున్నారు గాని, మనసులో అనుమానం పోలేదు. "నాన్నా, ఆ ఒక్క పూటా నవ్వు. లేకపోతే ఈ సంబంధం నిలవదు" అని హారిక నా చేయి పట్టుకుని అడిగింది. ఆ పిల్ల నన్ను ఇంతవరకు ఏదీ అడగలేదు.

కావున మధ్యస్థ పరిమాణం గల నవ్వు, మూడు గంటలు నిలిచేది, నేర్పించగలరు. ఉత్తరాలే మేలు. నోటిమాటకి రికార్డు ఉండదు.

ఇట్లు,
విధేయుడు,
మల్లికార్జున

తా.క. ఫొటో జతపరిచాను. అందులో నవ్వుతున్నాను.

*

తార్నాక,
5వ తేదీ

మల్లికార్జున గారికి నమస్తే.

మీ ఉత్తరం చదివి ముచ్చటేసింది. నేను సైకాలజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళు మనుషుల మొహాల మీదే పరిశోధన. చిరునవ్వుకి ఏ కండ కదలాలో, ఎంత కదలాలో నన్ను అడిగి చెప్పించుకోవాల్సిందే. ఒక్క షరతు. మీరు నన్ను కలవడానికి రాకూడదు. నేను విద్యార్థుల్ని ఎవర్నీ కలవను.

మొదటి పాఠం. నోటితో నవ్వకండి. నోరు కాపీ కొడుతుంది, పరీక్షల వారు కనక మీకు చెప్పనక్కర్లేదు. కళ్ళ కింద కండ పైకి లేవాలి. అది మన మాట వినదు, సంతోషం మాటే వింటుంది. అంచేత మీకు బాగా సంతోషం కలిగించిన సంగతి ఒకటి తలుచుకుని రోజూ ఐదుగురిని చూసి నవ్వండి. ఎందుకు నవ్వుతున్నారో మాత్రం చెప్పకండి.

శుభం కోరే,
సుధామయి

తా.క. మీ ఫొటో బల్ల మీద చూసి మా పనిమనిషి రాములమ్మ "అయ్యో, ఈయన ఎప్పుడు పోయిండమ్మా?" అంది. దండ వేయడానికి మేకు కూడా వెతికింది. మీరు నిరుత్సాహపడకండి.

*

యూనివర్సిటీ క్వార్టర్స్,
10వ తేదీ

సుధామయి గారికి నమస్కారములు.

పాఠం అమలు చేసిన వివరములు.

నాకు బాగా సంతోషం కలిగించిన సంగతి: 2009లో ఒక ఫైలు ఏ అభ్యంతరమూ లేకుండా ఒక్కరోజులో తిరిగి రావడం. దాన్ని తలుచుకుని ముందుగా మా జూనియర్ అసిస్టెంటు వీరస్వామిని చూసి నవ్వాను. అతను వెంటనే బయటికి వెళ్ళాడు. అరగంటలో మూడు పాత సర్టిఫికెట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అవి ఆరేళ్ళుగా కనబడటం లేదు. "సార్, మీరు నవ్వుతున్నరంటే మీకు అంతా ఎరుకైనట్టే. బీరువ ఎన్క పడ్డయి, నేనే చెప్పలే. పిల్లలు గలోణ్ణి సార్" అని దణ్ణం పెట్టి సెలవు మీద వెళ్ళిపోయాడు.

తరువాత పక్క సీటు భూపాల్. నేను ఏమీ అడగకుండానే నాలుగు పేజీల సంజాయిషీ రాసి ఇచ్చాడు. మూడవది డూప్లికేట్ మెమో కోసం వచ్చిన ఒక విద్యార్థిని. "నేను ఫెయిలా సార్?" అని నేల మీద కూర్చుండిపోయింది. మిగతా ఇద్దరి కోసం వరండాలోకి వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు.

ఇందులో నా లోపమేమిటో తెలుపగలరు.

ఇట్లు,
మల్లికార్జున

తా.క. ఇంట్లో నా భార్య భాగ్యలక్ష్మిని చూసి నవ్వాను. ఆవిడ స్టవ్ ఆపేసి, పక్కన కూర్చుని, "డాక్టరు ఏమన్నాడు? నా దగ్గర దాచొద్దు" అంది. ఆదోని నుంచి మా బావమరిది బయలుదేరాడు.

*

తార్నాక,
13వ తేదీ

మల్లికార్జున గారికి నమస్తే.

లోపం తెలిసింది. మీ నవ్వు రావడానికి టైము పడుతోంది, అది వస్తూ ఉండటం అవతలి వాళ్ళకి కనబడుతోంది. మనిషి భయపడేది అక్కడే.

రెండో పాఠం. ఇది నా సొంత పరిశోధన, ఏ పుస్తకంలోనూ లేదు. సంతోషమైన సంగతి తలుచుకున్నప్పుడల్లా కుడి చెవి తమ్మె పట్టుకోండి. రోజుకి రెండువందల సార్లు. వారం తిరిగేసరికి చెవి పట్టుకుంటే చాలు, సంతోషం దానంతటదే వస్తుంది. ఈ పద్ధతి హైదరాబాదు మొత్తంలో తెలిసింది మనిద్దరికే.

ఇంకో మాట. ఆ ఫైలు మానేయండి. మీ అమ్మాయిని తలుచుకోండి.

శుభం కోరే,
సుధామయి

తా.క. మీ ఫొటోని రాములమ్మ వంటింటి కిటికీలో పెట్టింది. రోజూ వచ్చి పాలు తాగే పిల్లి మూడు రోజులుగా రావడం లేదు.

*

యూనివర్సిటీ క్వార్టర్స్,
18వ తేదీ

సుధామయి గారికి నమస్కారములు.

మీరు చెప్పినట్టే చేశాను. హారిక మొదటిరోజు బడి వదిలాక, గేటు దగ్గర నన్ను చూసి సంచీ పారేసి పరుగెత్తుకొచ్చింది. అది తలుచుకున్నాను. కంటి కింద ఏదో కదిలింది.

ఆ ధైర్యంతో రిజిస్ట్రారు గారి ముందు చెవి పట్టుకుని నవ్వాను. ఆయన లేచి తలుపు వేశారు. "మల్లికార్జున గారూ, మీరు చెవులు పట్టుకునేంత తప్పు చేశారంటే నేను నమ్మలేను. ఇందులో ఇంకా ఎవరెవరున్నారు?" అన్నారు. ఎవరూ లేరన్నాను. "ఎవర్నీ కాపాడకండి" అన్నారు. నా మీద విచారణ కమిటీ వేశారు. దేని గురించో కమిటీకి తెలియదు, నాకూ తెలియదు.

ఈలోగా నా నవ్వుకి భయపడి మా విభాగంలో ఐదేళ్ళుగా ఆగిన నాలుగువందల పన్నెండు సర్టిఫికెట్లు రెండు రోజుల్లో కదిలాయి. అందుచేత నన్ను నెలాఖరు దాకా హాస్టళ్ళ విభాగంలో కూడా నవ్వవలసిందిగా రెండో ఉత్తర్వు ఇచ్చారు. రెండు ఉత్తర్వుల నకళ్ళు జతపరిచాను.

అమ్మా, షరతు తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆదివారం మీరు వచ్చి నా ఎదురుగా కూర్చుంటారా? నాకు భయంగా ఉంది. కమిటీ గురించి కాదు. ఆ పిల్ల చేయి పట్టుకుని అడిగింది.

ఇట్లు,
మల్లికార్జున

తా.క. నిన్న సాయంత్రం హారికకి నవ్వి చూపించాను. చాలాసేపు చూసి "బాగుంది నాన్నా. ఇది కాక ఇంకోటి ఏదైనా ఉందా?" అంది.

*

తార్నాక,
20వ తేదీ

మల్లికార్జున గారికి నమస్తే.

నేను రాలేను, ఏమీ అనుకోకండి. షరతు అలా ఉంచండి, అదే రోజు మా చెల్లెలి కొడుకు నిశ్చితార్థం, విద్యానగర్‌లో. ఊరంతా అదే ముహూర్తం పెట్టుకున్నట్టున్నారు.

మా కష్టాలు మీకేం చెప్పను. పిల్ల బంగారమట గాని, తండ్రి పరమ కర్కోటకుడట. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన చూసిన చూపుకి మా చెల్లెలు కాఫీ సగంలో వదిలేసి వచ్చింది. ఈసారి కూడా అలాగే ఉంటే తాంబూలాలు పుచ్చుకోకుండా లేచి వచ్చేస్తానంటోంది. మొహాలు చదవగలదాన్నని నన్ను ముందు వరసలో కూర్చోబెడుతున్నారు.

మీరు ధైర్యంగా ఉండండి. చెవి పట్టుకోండి, పాపని తలుచుకోండి. మిగతాది దేవుడికి వదిలేయండి.

శుభం కోరే,
సుధామయి

తా.క. మీ వియ్యాలవారు అదృష్టవంతులు. మీలాంటి మనిషి మాకు దొరక్కపోయాడు.

*

యూనివర్సిటీ క్వార్టర్స్,
24వ తేదీ

పూజ్యులైన అక్కయ్యగారికి తమ్ముడు నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం శనివారం అందింది. ఆ కర్కోటకుడి సంగతి భాగ్యలక్ష్మికి చదివి వినిపించాను. ఇద్దరం మీ కోసం చాలా బాధపడ్డాం.

ఆదివారం హాల్లోకి అడుగు పెట్టగానే మగపెళ్ళివారి ముందు వరసలో ఒకావిడ కనబడింది. ఏం చెప్పమంటారు, నా మొహమే పట్టుచీర కట్టుకుని కూర్చున్నట్టుంది. ఒక్క కండ కదలదు. ఈ సంబంధం అయిపోయింది అనుకున్నాను. హారిక నా వైపే చూస్తోంది. చెవి తమ్మె పట్టుకుని, బడి గేటు తలుచుకుని, ఆవిడని చూసి నవ్వాను.

ఆవిడ ఉలిక్కిపడింది. నన్నే చూస్తూ మెల్లిగా తన కుడి చెవి తమ్మె పట్టుకుంది. పెదవులు ఒక పక్కకి లాగి ఏదో చేసింది. రాములమ్మ ఉంటే ఇద్దరికీ దండలు తెచ్చేది.

"చూశావా, పెద్దాయన ఆ రోజు సంగతికి చెవులు పట్టుకుని క్షమించమంటున్నారు. మీ అక్కయ్య కూడా పట్టుకుంది" అని అబ్బాయి తండ్రి మీ చెల్లెలితో అనడమూ, ఆవిడ కళ్ళు తుడుచుకుని తాంబూలం పళ్ళెం అందుకోవడమూ నాకు తరువాత తెలిసింది. అప్పుడు నేను లెక్క వేసుకుంటున్నాను. హైదరాబాదు మొత్తంలో ఈ పద్ధతి తెలిసింది ఇద్దరికే. అందులో ఒకడిని నేను.

అంతే అక్కయ్యా, నవ్వొచ్చింది. చిరునవ్వు కాదు, మధ్యస్థమూ కాదు. పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. అటు చూస్తే మీరూ అంతే. పురోహితుడు మంత్రం ఆపేశాడు. హారిక చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చి "ఇదే నాన్నా, నేను అడిగింది ఇదే" అంది. నాకు ఏడుపొచ్చింది. అది కూడా రికార్డు చేస్తున్నాను.

మీరు విద్యార్థుల్ని ఎందుకు కలవరో ఇప్పుడు అర్థమైంది. నవ్వడం రాని మనిషి నాకు నవ్వు నేర్పింది. నాకిది చాలా గొప్పగా అనిపిస్తోంది. పెళ్ళికి మీరూ నేనూ ఎదురెదురుగా కూర్చుందాం. మా కాబోయే అల్లుడు, మీ శశిధర్‌కి ఆశీస్సులు.

ఇట్లు,
తమ్ముడు,
మల్లికార్జున

తా.క. చెవి పట్టుకున్న కారణం కమిటీకి ఉన్నదున్నట్టు చెప్పాను. నమ్మశక్యంగా లేదని రాతపూర్వకంగా ఇచ్చారు. విచారణ కొనసాగుతోంది.

మరొక తా.క. ఇద్దరం నవ్వుతున్న ఫొటో జతపరిచాను. హాల్లో పెట్టించుకోండి. వంటింటి కిటికీలో ఉన్న పాతది మాత్రం తీయించకండి. పాల సంగతి చూసుకోవాలి కదా.