వాల్వు నిలిచింది, అత్తా

అత్తా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. చదవవని తెలిసే రాస్తున్నాను.

ఇక్కడ దుబాయ్‌లో కొందరు పెద్ద గాలిపటం పట్టుకుని, కాళ్ళ కింద పలకతో సముద్రం మీద జారుతారు. ఆ గాలిపటం లోపల గాలి నింపే పొడవాటి ట్యూబులుంటాయి. వాటిని బాగుచెయ్యడమే నా పని. రెండు షాపులవాళ్ళు పారెయ్యమన్న ట్యూబొకటి మొన్న ఒకావిడ తెచ్చింది. సబ్బునీళ్ళు రాస్తే వాల్వు అతికించిన చోట బుడగలొచ్చాయి. పాత జిగురంతా తీసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త వాల్వు అతికించి, నువ్వు చెప్పినట్టే తొందరపడకుండా ఆరనిచ్చాను. ఇవాళ్టికీ గాలి దిగలేదు.

"ఎవరు నేర్పారు?" అని అడిగిందావిడ.

"రాజోలులో సైకిల్ షాపు నడిపిన మా అత్త" అన్నాను. నిన్నెరిగినవాళ్ళెవరూ ఇక్కడ లేరు కాబట్టి అనగలిగాను.

అమలాపురంలో నా నిశ్చితార్థానికి నువ్వు షాపు మూసి మరీ వచ్చావు. చుట్టరికం లేకపోయినా, ఇంటర్ తప్పి తిరుగుతున్న నాకు అన్నం పెట్టి పని నేర్పినదానివి. నీ గోళ్ళలో నలుపు చూసి మా మావగారు, "ఈవిడెవరండీ?" అన్నారు.

"మా వీధిలో ఉంటారండి" అన్నాను.

నువ్వు విన్నావు. "ఆయ్, వీళ్ళ వీధేనండి" అన్నావు నవ్వుతూ.

భోజనానికి ఆగలేదు. బస్టాండు దాకా నీ వెనకాలే వచ్చాను గాని, తప్పయిందని అనలేదు. బస్సెక్కుతూ నువ్వే, "పెళ్ళికి రావడం కుదరదురా, షాపు చూసుకోవాలి. ఏమనుకోకు" అన్నావు.

అది విని నేను హమ్మయ్య అనుకున్నాను, అత్తా.